పావడా చాటు చక్రాలు

ఆర్చులెటా వాళ్ళింట్లో కారు మగవాళ్ళది, చక్రాలు కోడలివి.

రంగు ఏది వేయాలి, ఇంజను ఎవరు విప్పాలి, సీట్లకి ఏ గుడ్డ కుట్టించాలి అన్న వాటి మీద మగవాళ్ళు తెల్లవార్లూ పోట్లాడుకోవచ్చు. ఆ బండి ఏ చక్రాల మీద దొర్లాలో మాత్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడలే చెప్పాలి. ఆమె తేల్చేదాకా మగాడెవడూ సలహా ఇవ్వకూడదు, మొహం చిట్లించకూడదు, దగ్గకూడదు కూడా.

ఈ సంగతి లియాండ్రాకి పెళ్ళయిన మూడో రోజున తెలిసింది. పగలబడి నవ్వింది. చుట్టూ ఎవరూ నవ్వకపోయేసరికి మెల్లగా ఆపేసింది.

షెడ్డు గోడకి మూడు కొయ్యలున్నాయి. మొదటి కొయ్యకి మామ్మ క్లియోఫాస్ అరవైల్లో తెచ్చిన చక్రం వేలాడుతోంది. బండి రంగే వేసిన మామూలు ఇనప చక్రం, మధ్యలో గిన్నె బోర్లించినట్టు చిన్న మెరుపు మూత. రెండో దానికి అత్తగారు వియోలా తెచ్చిన చువ్వల చక్రం. మూడో కొయ్య ఖాళీ. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి ఆ ఖాళీ కొయ్యని చూడటం లియాండ్రాకి అలవాటైపోయింది. పెళ్ళయి ఇరవై రోజులు. కొత్త ఇంట్లో అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, మొగుడు అబ్రాన్ నిద్రలో ముక్కు గోక్కోవడంతో సహా. ఒక్క ఆ కొయ్యే కొరుకుడుపడటం లేదు.

కొయ్యల కింద బండి. అరవై నాలుగో ఏటి ఇంపాలా కారు. పండిన చెర్రీ రంగు, దాని అడుగున ఇంకో రంగు, ఆ అడుగున ఇంకోటి. కాలేజీలో రాళ్ళ పొరలు చదువుకున్న పిల్ల కాబట్టి ఆ రంగులోకి చూస్తే లియాండ్రాకి లోతు కనిపించేది. ముందు నించి వెనక దాకా నడవాలంటే ఎనిమిది అడుగులు వేయాలి. అంత బండీ నాలుగు ఇనప స్టాండ్ల మీద, నేల తగలకుండా ఉంది.

ఎక్కించింది తాత ఒనేసిమో. రెండేళ్ళ కిందట భార్య క్లియోఫాస్ పోయిన రోజున చక్రాలు విప్పేసి, "మళ్ళీ కోడలొచ్చాకే ఇది దిగేది" అన్నాడు. ఇప్పుడాయనకి ఎనభై నాలుగు. డ్రైవింగ్ లైసెన్సు ఈ నెలాఖరుతో సరి. కళ్ళు మునుపటిలా లేవు, మళ్ళీ తీసుకోనని ఆయనే చెప్పేశాడు. ఈస్టర్ ఆదివారం వాళ్ళ ఊరు ఎస్పన్యోలాలో ఉన్న ఇలాంటి బండ్లన్నీ బయటికొచ్చి నత్తనడకన ఊరేగుతాయి. తాత ఆ బండి నడపాలంటే మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

ఈస్టర్‌కి మూడు రోజుల ముందు, గురువారం పొద్దున, అబ్రాన్ ఆమెని చక్రాలమ్మే టోబియాస్ కొట్టు ముందు దింపి, తను ట్రక్కులోనే కూర్చున్నాడు.

"లోపలికి రావా?"

"వస్తే తాత నా చెవులు కోసి కొయ్యకి తగిలిస్తాడు. వెళ్ళు, రాణీ. నీ ఇష్టం."

లోపల అడుగు పెట్టిన లియాండ్రా అక్కడే నిలబడిపోయింది. నేల నించి కప్పు దాకా చక్రాలే. ఐదు రేకులవి, నున్నటి పళ్ళేల్లాంటివి, ఎర్ర గీత టైర్లు, అరచేయంత తెల్ల పట్టీ ఉన్న టైర్లు. టోబియాస్ లావుపాటి మనిషి, మెడలో కొలత టేపు దండలా వేసుకుని ఉన్నాడు.

"ఒనేసిమో గారింటి కొత్త కోడలివా? ఇరవై రోజుల నించీ ఎదురుచూస్తున్నా. ఇలా రా."

వెనక గదిలో ఇరుసుకి ఒక చక్రం తగిలించి ఉంది. వంద చువ్వలు. పదమూడు అంగుళాలే, చిన్నది. దానికి సన్నటి టైరు, వేలెడు తెల్ల పట్టీ. టోబియాస్ చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. చువ్వలన్నీ మాయమై కాంతి ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి పడిన ఎండని అది ముక్కలు చేసి గోడ మీద, టోబియాస్ పొట్ట మీద, లియాండ్రా చేతుల మీద చల్లింది. ఆమె ఊపిరి బిగబట్టింది. వేగం తగ్గాక చువ్వలు ఒక్కొక్కటే మళ్ళీ పుట్టాయి.

"ఇంకోసారి తిప్పండి," అంది చిన్నపిల్లలా.

ఏడుసార్లు తిప్పించుకుంది.

"ఇవే. నాలుగూ ఇవే."

"వెడల్పు ఏడంగుళాలమ్మా. వెనక చక్రాల మీద కప్పే రేకులుంటాయే, పావడాలంటాం, అవి ఉన్నాయా మీ బండికి? ఉంటే ఇవి పట్టవు."

బండిని రోజూ చూస్తూనే ఉంది. అలాంటివేవీ ఎప్పుడూ కనబడలేదు. "లేవు," అంది ధీమాగా.

మధ్యాహ్నానికి నాలుగు చక్రాలూ బండికెక్కాయి, అబ్రాన్ సంతోషం పట్టలేకపోయాడు. పెదవి విప్పకూడదు కాబట్టి ఈలలు వేశాడు. రెండేళ్ళ తర్వాత బండి నేలకి దిగింది. తాత టోపీ తీసి చూశాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, పాత బొంతలో చుట్టిన రెండు పొడుగాటి రేకులు మోసుకొచ్చాడు. క్లియోఫాస్ మంచం కింద ఉన్నాయట. అదే చెర్రీ రంగు. అడుగున చిన్న మీట.

టోబియాస్ అడిగిన పావడాలు అవేనని లియాండ్రాకి అప్పుడర్థమైంది.

తాత మోకాళ్ళ మీద కూర్చుని కుడివైపు పావడాని వెనక చక్రం మీద ఆనించాడు. పట్టలేదు. చక్రం రెండు వేళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇంకోసారి ఆనించాడు. తర్వాత మీటని బొటనవేలితో ఒకసారి నిమిరి, పావడాని మళ్ళీ బొంతలో చుట్టాడు.

"చాలా బాగున్నాయి, మీహా," అన్నాడు. సొంత కూతుర్ని పిలిచినట్టే. "ఆదివారం అబ్రాన్ నడుపుతాడులే."

"మరి మీరో, గ్రాంపో?"

"నేను అరుగు మీంచి చూస్తా. అక్కణ్ణించే బాగా కనిపిస్తుంది."

టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఆ మీట బిగించేది మామ్మే," అన్నాడు అబ్రాన్. "రెండు వైపులా 'టక్' మని వినబడ్డాకే తాత తాళం తిప్పేవాడు. ప్రతి ఈస్టర్‌కీ అంతే."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పకూడదుగా!"

శుక్రవారం గుడ్ ఫ్రైడే, కొట్లన్నీ మూత. రోడ్డు వెంట జనం చిమయో గుడికి నడిచి వెళ్తున్నారు. వంటింట్లో వియోలా గోధుమ పిండి పిసుకుతోంది. భర్త పోయి చాలా ఏళ్ళయినా, పెద్దావిడ పోయాక కూడా, మామగారిని వదలకుండా అంటిపెట్టుకున్న మనిషి. లియాండ్రా కళ్ళు ఉబ్బి ఉండటం చూసి పిండి ముద్ద ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

"నేనైతే స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. ఎనభై తొమ్మిదిలో, చక్రాలు తెచ్చే వంతు నాకొచ్చినప్పుడు."

"మీరెందుకత్తయ్యా?"

"ఏమో, పాత సంగతి. నువ్వు చదువుకున్నదానివి కదా, అటక మీద నా చక్రాలున్నాయి, వెళ్ళి చూసి రా. పిండి చేత్తో నిచ్చెన పట్టుకోకు."

పిండి చేత్తోనే ఎక్కింది. అటక మీద దుప్పటి తీస్తే క్లియోఫాస్ ఇనప చక్రాలు నాలుగు. పక్కన వియోలా చువ్వల చక్రాలు రెండు. ఇంకా ఉన్నాయేమోనని దీపం పెట్టి వెతికింది. రెండే. కొయ్య మీద ఒకటి.

క్లియోఫాస్ చక్రాలు బోర్లించి చూసింది. రెండింటి టైర్లు అరవైల నాటివి, ఎండి పగిలి రాయిలా ఉన్నాయి. మిగతా రెండింటివి ఎన్నో ఏళ్ళ తర్వాత వేసినవి, మొన్నమొన్నటిదాకా దొర్లినవి. ఏ పొర ముందు, ఏ పొర వెనక అని నాలుగేళ్ళు చదివిన పిల్లకి అంతకన్నా ఏం కావాలి? అటక మీదే చతికిలబడింది. ముప్ఫై ఏళ్ళు వియోలా చువ్వలు ముందు తళతళలాడుతుంటే, వెనక పావడాల చాటున తిరిగింది క్లియోఫాస్ చక్రాలు. బండిని తోసేవి వెనక చక్రాలే.

ఒళ్ళంతా జల్లుమంది.

"అత్తయ్యా!" అని అటక మీంచే అరిచింది. "వెనక మామ్మవే కదూ!"

"పావడా కింద ఏముందో ఎవడు చూస్తాడే అంది మా అత్త," వియోలా కింద నించి నవ్వింది. "దిగు ముందు. పడ్డావంటే నీ మొగుడు నన్నంటాడు."

శనివారం తలుపు తీయకముందే లియాండ్రా టోబియాస్ కొట్టు ముందుంది. కొత్త చువ్వల చక్రాల్లో ఒకటి వెనక్కి ఇచ్చేసింది. బదులుగా క్లియోఫాస్ చక్రాల కోసం రెండు టైర్లు కావాలంది, అదే వేలెడు తెల్ల పట్టీతో.

"పావడా చాటున తెల్ల పట్టీ ఎందుకమ్మా? ఎవరికీ కనబడదు."

"ఆవిడకి కనబడుతుంది."

టోబియాస్ వెనక గదిలోకి వెళ్ళాడు. రెండు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి కాస్త బొద్దుగా, ఒకటి సన్నగా. సన్నదైతే ఖాయంగా పడుతుంది గాని అంత పెద్ద బండి కింద పీలగా ఉంటుంది. లియాండ్రా రెండూ ఎక్కించుకుని వచ్చింది, ఒక్కో చక్రానికి ఒక్కోటి.

ఇంటికొచ్చి వెనక మామ్మ చక్రాలు బిగించి, రెండు పావడాల లోపలా మూడేసి చోట్ల రొట్టెల పిండి ముద్దలు అంటించి, మూసి, అబ్రాన్ చేత బండిని పది అడుగులు తోయించింది. తీసి చూస్తే బొద్దు టైరు వైపు పిండి చదునై, రొట్టెలా పల్చబడి ఉంది. అయినా తెగలేదు. రేకుకీ టైరుకీ మధ్య పిండి మందమంత చోటు మిగిలింది.

"బొద్దువే," అంది.

అబ్రాన్ దగ్గకుండా ఉండటానికి నోట్లో టోపీ కుక్కుకున్నాడు. సాయంత్రానికి సన్న టైరు మార్చుకొచ్చారు. మిగిలిన కొత్త చువ్వల చక్రం మూడో కొయ్యకెక్కింది.

ఆదివారం గుడి నించి వచ్చాక తాత అరుగు మీద కుర్చీ వేసుకున్నాడు. అబ్రాన్ బండిని షెడ్డులోంచి వాకిట్లోకి తోశాడు. ముందు చక్రాల చువ్వలు ఎండని పట్టుకుని వాకిలంతా చల్లాయి, గోడ మీదా, కోళ్ళ మీదా, తాత మోకాళ్ళ మీదా. వెనక చక్రాలు బండి రంగులోనే, చుట్టూ వేలెడు తెల్ల పట్టీతో, మామూలుగా ఉన్నాయి. తాత ఆ మామూలు చక్రాల మీంచి చూపు తిప్పుకోలేదు.

లియాండ్రా బొంత విప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని కుడి పావడా ఆనించి, మీట తోసింది.

టక్.

తాత కుర్చీలోంచి లేచాడు. ఆమె చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమది ఆనించింది. మీట ఒకసారి జారింది. రెండోసారి తోసింది.

టక్.

ఆయన మెట్లు దిగి, పెళ్ళికి వెళ్ళేవాడిలా చొక్కా సర్దుకుని, అబ్రాన్ చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. లియాండ్రా వెనక సీట్లో కుడి పక్కన కూర్చుంది, సరిగ్గా ఆ చక్రం పైన.

ఎక్కబోతూ తాత ఆగాడు. వంగి, ఎడమ పావడాని అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"పద, ముసలీ," అన్నాడు.

తాళం తిరిగింది. ఆ పొడుగాటి బండి గేటు దాటి, చప్పుడు లేకుండా ఎండలోకి జరిగింది. లియాండ్రా రెండు అరచేతులూ సీటుకి ఆనించింది. కింద, ఎవరికీ కనబడకుండా, క్లియోఫాస్ తిరుగుతోంది.