చేతి వెనక కాలిన మచ్చ

నారాయణఖేడ్ బస్టాండు దాటి కారు కరెంటు ఆఫీసు ముందు ఆగింది. లింగమ్మ ఒక కాలు నేల మీద పెట్టి తలుపు ఇనుము పట్టుకుందో లేదో, చేతికి చురుక్కుమంది. కెవ్వుమని మళ్లీ సీట్లో పడింది. తలుపు లాగేసుకుంది.

"నేను దిగ. ఆసిఫూ, బండి తిప్పు. ఆయనను తిన్నది సాలలేదు దీనికి. నన్ను గూడ పట్టుకుంటున్నది."

ఆసిఫ్‌దీ ఆమెదీ మనూరు గ్రామమే. కారు అతనిదే. లింగమ్మ భర్త మాణిక్యప్ప రెండు నెలల కింద శనగ చేను గట్టు మీద కరెంటు కొట్టి పోయాడు. స్తంభం ఒరగకుండా కట్టే స్టే వైరుకు కరెంటు పాకిందని ఊరంతటికీ తెలుసు. ఆఫీసువాళ్లు మాత్రం, కరెంటు దొంగిలించడానికి లైనుకు కొండీ వేస్తూ చచ్చాడని రాశారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా! ఈ రోజు పైనుంచి పెద్ద సారు విచారణకు వచ్చాడు, ఒంటిగంటకు వెళ్లిపోతాడు. ఆ లోపల ఆమె నోరు విప్పకపోతే మాణిక్యప్ప కాగితం మీద ఎప్పటికీ దొంగే.

"అత్తా, ఇది గా కరెంటు కాదు," అన్నాడు ఆసిఫ్. "గాలి ఎండిపోయింది. నీ పాలిస్టర్ చీర సీటుకు రాసుకుంట వచ్చింది గద, గా రాపిడి కరెంటే నీ ఒంట్ల జమైతది. ఇనుము తాకంగనే పోతది. నాకు దినాం పదిసార్లు కొడ్తది. నా పెండ్లాం నుజహత్ కన్న నయం, ఒక్కటిచ్చి ఊకుంటది."

లింగమ్మ నవ్వలేదు.

"కాలు కింద పెట్టకముందే ఇనుము పట్టుకో. పట్టుకొనే దిగు. జల్దీ, పన్నెండున్నర దాటింది."

ఆమె చెయ్యి చాపింది. ఇనుము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే తిరిగింది. వేళ్ల వెనక భాగం ఆనించింది.

"గదేంది? అరచేత్తోటి పట్టుకో."

"మా ఆయన మోటరు డబ్బా అయినా, తీగ అయినా, కరెంటు ఉన్నదా అని గిట్లనే చూస్తుండె. అరచేత పడితే పిడికిలి బిగుసుకొని ఇడవదు, ఎనక తగిలితే చెయ్యి గుంజుకుంటది అనేటోడు..."

తన చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఆసిఫూ. స్నానం పోసేటప్పుడు చూసిన. మచ్చ చెయ్యి ఎనకనే ఉండె. అరచెయ్యి సాఫ్‌గ ఉండె. కొండీ ఏసెటోడు చెయ్యి ఎనకతోటి ఏస్తడా?"

ఆసిఫ్ ఆమె ఒళ్లోని కవరు లాక్కున్నాడు. పోస్టుమార్టం కాగితం తీసి, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"కుడి చెయ్యి... ఎనక భాగం... కాలిన గాయం. అరచేతికి ఏం లేదు. రాసే ఉన్నది అత్తా!"

రెండు నెలలుగా ఆ కాగితం ఎన్ని బల్లలు దాటిందో! జీతాలు తీసుకునేవాడు ఒక్కడూ చదవలేదు.

లింగమ్మ తలుపును పిడికిలి నిండా పట్టుకుని దిగింది. కొట్టిందో లేదో కూడా చూసుకోలేదు.

లోపల సారు లేవబోతున్నాడు. ఆమె చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగాన్ని బల్ల మీద ఆనించింది.

"సారూ, నా పెనిమిటి కొండీ ఎయ్యలే. స్తంభానికి కట్టిన తీగల కరెంటు ఉన్నదా అని చూసిండు, గిట్ల. గట్టు మీద కాలువ తడిల నిలబడి ఉండె, పానం పోయింది. కాయితంల గిదే ఉన్నది. సదువు."

సారు చదివాడు. మళ్లీ చదివాడు.

"మచ్చ చూసి ఎట్ల చెప్తం సార్," అన్నాడు మూల నుంచి లైన్‌మన్.

"నువ్వు ఊకో!" అంది లింగమ్మ. "ఎవరు తాకొద్దని స్తంభం సుట్టు ముళ్లకంప పెట్టింది మేము. నువ్వొచ్చినవా ఒక్కనాడన్న?"

"సరేనమ్మా, రాసుకుంటాను," అన్నాడు సారు. "వచ్చే వారం వచ్చి చూస్తాను."

"వచ్చే వారం కాదు, గిప్పుడే. పిల్లలు గా తొవ్వలనే బడికి పోతుండ్రు. నీ మిషన్ పెట్టి సూడు. నువ్వు రాకపోతే నేనే పోయి నా చెయ్యి పెడ్త. అప్పుడు నన్ను గూడ దొంగ అని రాసుకో."

సారు గడియారం చూసుకోబోయి మానుకున్నాడు. టెస్టరు తెమ్మని లైన్‌మన్‌కు చెప్పాడు. కుర్చీ చూపించినా లింగమ్మ కూర్చోలేదు. వాళ్లిద్దరూ చేనుకు బయల్దేరి బయటికి వచ్చేదాకా గడపలోనే నిలబడింది.