దగ్గిన చోటల్లా పేజీ తిప్పాను

ముందుగా క్షమాపణ. నా రాతలో ఒత్తులు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట కూర్చుంటాయి. దీర్ఘాలు అవసరం లేకపోయినా సాగుతాయి. ఈ కాసిని పేజీలు రాయడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది. అచ్చువేసేవారు తప్పులు దిద్దితే వాళ్ళ పుణ్యం, దిద్దకపోతే మీ ఓర్పు. నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది అరవై ఒకటో ఏట.

మా అమ్మాయి తన ముగ్గురు ఆడపిల్లలకీ ఇంట్లోనే చదువు చెబుతుంది. పెద్దదానికి పన్నెండేళ్ళు. ఏ మాటకైనా ఎదురుమాట నాలుక మీద సిద్ధంగా ఉంటుంది కాబట్టి దాన్ని లాయరంటాం. మధ్యదానికి తొమ్మిది. నడిస్తే అడుగుల చప్పుడు వినపడదు, అందుకని పిల్లి. ఈ పిల్లి వల్లే ఇంటి బడి మొదలైంది. బయటి బడిలో ఏడాదంతా అది పెదవి విప్పలేదు. తోటివాళ్ళు ఏడిపించేకొద్దీ బిగుసుకుపోయింది. ఇంట్లో కూర్చోబెట్టాక నెల తిరక్కుండా పాటలూ, పొడుపుకథలూ, అక్కతో జుట్టు పట్టుకుని పోట్లాటలూ అన్నీ వచ్చేశాయి. పరాయి మనిషి గుమ్మంలో కనబడితే మాత్రం మళ్ళీ పిల్లే.

చిన్నదానికి ఏడు. అది మా పంతులమ్మ. అంటే నా పంతులమ్మ.

మా అమ్మాయి బడికి ఒక కట్టుబాటు ఉంది. ఇవాళ నేర్చుకున్నది రేపు ఇంకొకరికి నేర్పాలి. లాయరు పిల్లికి నేర్పుతుంది, పిల్లి చిన్నదానికి నేర్పుతుంది. చిన్నదానికి కింద ఎవరూ లేరు. వారం రోజులు దిక్కులు చూసి, చివరికి పలక పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"అమ్మమ్మా, నువ్వే మిగిలావు."

"కూర మాడుతుందే తల్లీ!"

"కూర తర్వాత. ముందు క."

అలా మొదలైంది నా చదువు. పంతులమ్మకి జాలి అన్నది లేదు. తప్పు చదివితే గోడవైపు తిరిగి నిలబడాలి. మా అల్లుడుగారు సిటీ బస్సు నడుపుతారు. డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గోడవైపు తిరిగి ఉంటే, "ఇవాళ ఏం తప్పు చేశారత్తయ్యా?" అని చెప్పులు విప్పకముందే అడిగేవారు.

ఇక అసలు సంగతి. ప్రతి ఏడాదీ చదువుల ఆఫీసు నుంచి ఇంటి బళ్ళకి ఒక ఫారం వస్తుంది. పోయిన ఏడాది అది వచ్చినప్పుడు మా అమ్మాయి జ్వరంతో పడుకుని ఉంది. దస్తూరి బాగుంటుందని లాయరు చేత నింపించి, చదవకుండానే సంతకం పెట్టింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. ఫలానా తేదీన పరీక్షాధికారి వస్తారు, మీ ఇంట్లో చదువుకుంటున్న నలుగురినీ పరీక్షిస్తారు, నలుగురిలో ఏ ఒక్కరు హాజరు కాకపోయినా, తప్పినా, ఇంటి బడి అనుమతి రద్దు, పిల్లల్ని బయటి బడిలో చేర్చాలి.

"నలుగురేంటే?" అంది మా అమ్మాయి.

"ఇంట్లో చదువుకునేవాళ్ళ వివరాలు రాయమన్నారు," అంది లాయరు. "నేను, పిల్లి, చిన్నది, అమ్మమ్మ. లెక్క తప్పా?"

"అమ్మమ్మని కూడా రాశావా!"

"చదువుకోవడం లేదా? లేదని అబద్ధం రాయమంటావా? పొద్దున్నే దేవుడి ముందు నిజం చెప్పాలని పాఠం చెబుతావు, సాయంత్రం ఫారంలో అబద్ధం రాయమంటావు!"

అల్లుడుగారు నవ్వలేక పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారారు. "అత్తయ్యా, యూనిఫాం కొలతలు ఇస్తారా? రెండు జడలు వేయించమంటారా?"

మా అమ్మాయి ఆఫీసుకి పరిగెత్తింది. ఒకసారి ఎక్కిన పేరు కొట్టెయ్యడం తన చేతిలో లేదనీ, వచ్చే అధికారిదే చివరి మాటనీ చెప్పి గుమాస్తా పంపించేశాడు.

ఇంట్లో అందరూ ధైర్యంగానే ఉన్నారు. ఎందుకంటే లాయరు ఫారంలో నా గురించి ఇలా రాసింది: 'చదవడం: ధారాళం. రోజూ ప్రార్థన పుస్తకం చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది.'

నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఎందుకో చెబుతాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ప్రొద్దున్నే ప్రార్థన పుస్తకం పైకి చదివేవారు. నలభై ఏళ్ళు విన్నాను. పుస్తకం మొత్తం నోటికి వచ్చేసింది. పేజీ చివరికి వచ్చేసరికి ఆయనకి దగ్గు వచ్చేది. ఆయన పోయాక, నాకు అక్షరాలు వచ్చాయని మా అమ్మాయి మురిసిపోయి ఆ వంతు నాకు అప్పగించింది. ఒకటో రోజు రెండు మాటలు కూడబలుక్కుని చదివాను. అందరూ ఆవులించారు. రెండో రోజు నుంచి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆయన దగ్గిన చోటల్లా దగ్గి పేజీ తిప్పాను. అయితే ఇది కొత్త పుస్తకం, పెద్ద అక్షరాలది. పేజీలు వేరేచోట పూర్తవుతాయి. ఆ సంగతి కనిపెట్టింది పంతులమ్మ ఒక్కతే. అది ఏమీ అనలేదు. ప్రార్థన అయ్యేవరకూ నన్ను ఒక చూపు చూసేది. ఆ చూపు కంటే గోడే నయం.

పరీక్షరోజు వచ్చింది. అధికారి పదింటికి వస్తారన్నారు. ఎనిమిదింటికే వచ్చేశారు. అల్లుడుగారు మొదటి ట్రిప్పుకి వెళ్ళిపోయారు. మేమింకా ప్రార్థనకి చాప పరుస్తున్నాం. సన్నటి మనిషి, మూడంతస్తులు ఎక్కి వచ్చి గోడ పట్టుకున్నారు. మంచినీళ్ళు అడిగి ఒక మాత్ర మింగి, కుర్చీలో కూలబడి కాగితాలు తీశారు.

"ముగ్గురు పిల్లలు కనబడుతున్నారు. నాలుగో విద్యార్థిని ఎక్కడ?"

"నేనే బాబూ."

ఆయన కాగితం చూశారు. నన్ను చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"ఏ తరగతి?"

"ఒకటి. పంతులమ్మ దయ తలిస్తే రెండు."

"నా కాగితంలో నాలుగే గళ్ళున్నాయమ్మా. వచ్చారు, రాలేదు, ప్యాసు, ఫెయిలు. మీరు నవ్వులాటకి రాశారని పెట్టుకోవడానికి గడి లేదు."

"నవ్వులాట కాదు సార్," అంది లాయరు. "కావాలంటే పలక చూపిస్తాం."

"సరే, ఎటూ ప్రార్థన పుస్తకం చదువుతారని రాశారు. అదే చదవండి."

చదివాను. అంటే మీకు తెలుసు కదా. గోదారి పొంగినట్టు సాగింది. రెండు చోట్ల దగ్గి రెండు పేజీలు తిప్పాను. ఆయన కలం తీసి 'ధారాళం' పక్కన గుర్తు పెట్టారు. మా అమ్మాయి ముఖం వెయ్యి దీపాలైంది. పంతులమ్మ నా వైపు చూడటం కూడా మానేసి పైకప్పు చూస్తోంది.

అక్కడితో ఆగితే అయిపోయేది. కానీ మా ఇంట్లో ప్రార్థన తర్వాత ఒక వంతు ఉంటుంది. నిన్న చేసిన తప్పు ఒకటి ఒక్కొక్కరం చెప్పాలి, మిగతావాళ్ళు "సరే, ఇవాళ కొత్త రోజు" అనాలి. పరీక్ష ఉన్నా లేకపోయినా ఆ వంతు ఆగదు. చెల్లెలి బొమ్మ కాలు విరిచానంది లాయరు. పిల్లి అధికారిని చూసి అమ్మ చెవిలో చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగబెట్టి పిల్లల మీద అరిచానంది మా అమ్మాయి. చిన్నదానికి ఎప్పుడూ తప్పులుండవు. తర్వాత నేను.

నా దగ్గర ఒక చిన్న తప్పు సిద్ధంగా ఉంది. డబ్బాలో రెండు బిస్కెట్లు తిన్నాను. అది చెబితే చాలు, ముగ్గురు పిల్లలూ ఇంట్లో ఉంటారు. నోరు తెరిచాను. ఏం వచ్చిందో చూడండి.

"బాబూ, నేను చదవలేదు. అప్పజెప్పాను. నిన్న ఒక్కరోజే కాదు, ఏడాదిగా."

"అమ్మా!" అంది మా అమ్మాయి.

"అమ్మమ్మా! నా ఫారం అబద్ధమైపోయింది!" అని లాయరు గోల పెట్టింది.

"సరే, ఇవాళ కొత్త రోజు," అంది పంతులమ్మ, ఏడాది బరువు దించుకున్నట్టు.

అధికారి స్కేలు తీసి, 'ధారాళం' మీద తిన్నగా గీత కొట్టారు. సంచీలోంచి ఒకటో తరగతి వాచకం తీశారు.

"అది కూడా వద్దు సార్," అంది పంతులమ్మ. "నేను చెబుతుంటే విని పాఠాలన్నీ బట్టీ పట్టేసింది. రెండుసార్లు వింటే వచ్చేస్తుంది. అదే అమ్మమ్మ జబ్బు."

"నీకు అమ్మమ్మ ప్యాసవ్వాలని లేదా పాపా?"

"చదివి ప్యాసవ్వాలి."

ఆయన సంచీ అంతా గాలించారు. చివరికి జేబులోంచి ఎనిమిది మడతల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. మందు డబ్బాలో వచ్చే కాగితం. "ఇది మీరెప్పుడూ విని ఉండరు. నాలుగు వరుసలు చదవండి."

అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కళ్ళద్దాలు తుడిచాను. వేలు పెట్టాను.

"ఈ... మాత్ర... వేసు... కున్న... వారికి... నోరు... ఎం... ఎండుట... తల... తిరు... గుట... కారణం... లేని... నవ్వు..."

లాయరు కిసుక్కుమంది. మా అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది. పంతులమ్మ పెదవులు నాతో పాటే కదులుతున్నాయి, శబ్దం మాత్రం రానివ్వడం లేదు.

"...కలుగ... వచ్చును. ఖాళీ... కడుపుతో... వేసు... కో... రాదు."

ఆగిపోయాను.

"ఇంకో వరుస ఉందమ్మా."

"బాబూ, మీరు పొద్దున ఏమైనా తిన్నారా?"

"అది పరీక్షలో లేదు."

"ఇందులో ఉంది కదా బాబూ. మా గుమ్మంలోకి రాగానే మాత్ర మింగారు. తిన్నారా, లేదా?"

ఆయన స్కేలు అటు తిప్పారు, ఇటు తిప్పారు. "లేదు."

"ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?"

"నెలైంది."

"తల తిరుగుతోందా?"

"మెట్లెక్కితే."

"మరి ఈ కాగితం చదవలేదా?"

"ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారమ్మా!" అన్నారాయన. అన్నాక తనే ముందు నవ్వారు. అది కారణం ఉన్న నవ్వే.

ఇంతలో ఆయన ముందు ఒక పళ్ళెం వచ్చి వాలింది. రెండు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తెచ్చిందో, పళ్ళెం వెనక పిల్లి నిలబడి ఉంది.

"ముందు తినండి సార్. పరీక్ష తర్వాత."

పరాయి మనిషితో అది మాట్లాడటం అదే మొదలు. దాని వైపు చూస్తే ఎక్కడ మళ్ళీ ముడుచుకుపోతుందోనని ఒకరు కిటికీనీ, ఒకరు గడియారాన్నీ చూస్తూ కూర్చున్నాం.

అధికారి రొట్టె నోట్లో పెట్టుకునే, "కొత్తవాళ్ళతో మాట్లాడదని ఫారంలో రాసింది ఈ అమ్మాయి గురించేనా?" అని అడిగారు.

"నములుతూ మాట్లాడకూడదు," అంది పిల్లి.

ఇక ఎవరి వల్లా కాలేదు. ఇల్లంతా పగలబడింది. ఆయనకి పొలమారింది. నేను నెత్తిమీద తట్టాను. అధికారుల నెత్తి తట్టొచ్చో లేదో తెలియదు, తట్టేశాను.

తిన్నాక పిల్లలు ముగ్గురినీ గంటన్నర పరీక్షించారు. పిల్లి అడిగినవాటికి చెప్పింది, అడగనివాటికీ చెప్పింది. చివర్లో నా కాగితం తీశారు. 'వేగం' అన్నచోట 'నెమ్మది' అని రాశారు. 'చదివినది గ్రహించుట' అన్నచోట 'పూర్తిగా' అని రాసి, ప్యాసు గడిలో గుర్తు పెట్టి, ఇంకో ఏడాదికి అనుమతి ముద్ర గుద్దారు. మెట్లు దిగుతూ, "పెద్దమ్మా, ఇవాళ తల తిరగడం లేదు," అని కేకేసి మరీ వెళ్ళారు.

మర్నాటి నుంచి ప్రార్థన నిజంగా చదవాలని పంతులమ్మ తీర్పు. పావుగంట ప్రార్థన ముప్పావుగంటైంది. "దేవుడు ఎక్కడికీ పోడత్తయ్యా, బస్సు పోతుంది," అని అల్లుడుగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడే ఉండేవారు. రోజుకి ఒక్క పేజీ అని రాజీ కుదిరింది.

అలా చదువుతూ చదువుతూ పదకొండో రోజున నాకొక మోసం దొరికింది. నలభై ఏళ్ళుగా నాకు నోటికి వచ్చిన వరుస ఒకటి పుస్తకంలో లేదు. 'వంటగదిలో నిలబడేవారి మోకాళ్ళకు బలమునిమ్ము.' ముందు వరుస ఉంది, వెనక వరుస ఉంది, మధ్యలో ఇది లేదు. అచ్చువాళ్ళు మింగేశారని తిట్టాను. మా అమ్మాయి బీరువా అడుగు నుంచి చిరిగిన పాత పుస్తకం తీసింది. అందులోనూ లేదు.

మా అమ్మాయి నన్ను చూసింది. నేను నా మోకాళ్ళు చూసుకున్నాను.

నాకు చదువు రాదన్న ధైర్యంతో ఆయన నలభై ఏళ్ళు దేవుడి మాటల మధ్య తన మాటొకటి కలిపేసి, గొంతు కూడా మార్చకుండా చదివేశారు! ఆ మనిషి నా మోకాళ్ళు నొక్కింది ఒక్కనాడూ లేదు. ప్రార్థన మధ్యలో చాప మీద దొర్లి నవ్వాను. పంతులమ్మ నన్ను గోడవైపు నిలబెట్టింది. నిలబడి కూడా నవ్వాను.

పుస్తకంలో లేనిది చదవకూడదని పంతులమ్మ పట్టు. లాయరు కాసేపు ఆలోచించి, పెన్సిల్ తెచ్చి, రెండు వరుసల మధ్యా ఆ మాట గుండ్రంగా రాసింది.

"ఇప్పుడు ఉంది. చదువు."

వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదివాను.

ఇట్లు,
ఇంట్లో అమ్మమ్మ, కింద దుకాణాలవాళ్ళకి పైఇంటి పెద్దమ్మ,
వయసు అరవై మూడు, రెండో తరగతి,
కూతురి ఇంట్లో, మూడో అంతస్తు, వంటగది పక్క గది.