బొమ్మ కనబడేదాకా

నాకు ఈత రాదు. ఇరవై రెండేళ్ళుగా పాడుబడ్డ స్విమ్మింగ్ పూల్స్ బాగుచేసి బతుకుతున్నాను గానీ, నడుం లోతు దాటి ఒక్కసారీ దిగలేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. చెప్పులు కుట్టేవాడు పరుగుపందెంలో గెలవాలని రూలేమైనా ఉందా?

ఈ సంగతి టీచరమ్మ మొదటిరోజే కనిపెట్టేసింది. పొడుగు కర్ర వల పట్టుకుని నేను గట్టు అంచున అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంటే, వరండాలో చక్రాల కుర్చీలోంచి కేకేసింది.

"ఏమయ్యా, నీకు ఈత రాదు కదూ?"

"ఎవరు చెప్పారండీ మీకు?"

"నలభై ఏళ్ళు పిల్లలకి ఈత నేర్పాను. నీళ్ళంటే జంకేవాడి నడక నాకు తెలీదా? ముందు ఈ నీళ్ళు బాగుచెయ్యి. నేను దిగిన రోజున నీకూ నేర్పుతాను."

"ఈ వయసులో నాకెందుకండీ ఆ సోకు?" అని విసుక్కున్నాను. నా నోరు అంత మంచిది కాదు.

ఆ పూల్ ఆవిడదే. పెరట్లో కట్టించుకుని వీధి పిల్లలందరికీ అందులోనే ఈత నేర్పింది. జబ్బు చేసిన ఈ రెండేళ్ళలో పంపు ఆగిపోయి, నీళ్ళు పచ్చబడి, ఆకులు కుళ్ళి, కప్పలు కాపురం పెట్టేశాయి. నన్ను పిలిపించింది ఆవిడ చెల్లెలు. గేటు దగ్గరే ఆపి, గొంతు తగ్గించి చెప్పింది.

"డాక్టర్లు ఇంక చేసేదేం లేదన్నారన్నయ్యా. నెల గడిస్తే గొప్పట. అక్కకి ఒకటే కోరిక, ఒక్కసారి తన నీళ్ళలో దిగాలని. ఆ నీళ్ళన్నీ తోడేసి కొత్తవి పెడితే తొందరగా అవుతుందా?"

"పాత కట్టడమమ్మా, ఖాళీ చేస్తే గోడలు పగులుతాయి. ఈ నీళ్ళనే బాగుచెయ్యాలి. వారంలో చేసిస్తాను."

గొప్పకి పోయి వారం అన్నాను. ఆ నీళ్ళకి రెండు వారాలన్నా తక్కువే. అన్నాక తప్పుతుందా? తిండీ నీళ్ళూ అక్కడే అయ్యాయి.

మొదటి రెండు రోజులూ చెత్త తీయడంతోనే సరిపోయింది. కుళ్ళిన ఆకులు ఎనిమిది గంపలు, ఏ పిల్లాడో పోగొట్టుకున్న ఈత కళ్ళజోడు, ఒంటి చెప్పు, ఇక కప్పలకి అంతే లేదు. వాటిని బకెట్లలో కాలవ దాకా మోస్తుంటే, "కూతుళ్ళని అత్తారింటికి సాగనంపుతున్నావా నాయనా?" అని టీచరమ్మ వరండాలోంచి పరాచికాలు. మూడోరోజు గోడలు బ్రష్‌తో తోమి, క్లోరిన్ దండిగా వేసి, పంపు తిప్పాను. పచ్చనీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. తర్వాత పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. అక్కణ్ణించి ఓర్పే మందు. చచ్చిన నాచునంతా ఇసుక ఫిల్టర్ కాస్త కాస్తగా పట్టాలి. గంటకోసారి అది మూసుకుపోతుంది. కడగాలి, మళ్ళీ తిప్పాలి.

నాకో పద్ధతుంది, నా గురువు నేర్పింది. లోతువైపు అడుగున ఒక నాణెం వేస్తాను. గట్టు మీద నిలబడి చూస్తే అది బొమ్మో బొరుసో తెలియాలి. తెలిసేదాకా ఎవర్నీ దిగనివ్వను. అడుగు కనబడని నీళ్ళలో మునిగిన మనిషీ కనబడడు, అందుకని. నాలుగోరోజు నాణెం వేస్తుంటే టీచరమ్మ చూసింది.

"ఆ బిళ్ళని మళ్ళీ ఎలా తీస్తావు?"

"వలతోనండీ."

"తీయకు. నేను మునిగి తెస్తాను."

"మీరా?" అన్నాను నోరు జారి. కుర్చీలోంచి మంచం మీదకి మార్చడానికే ఆవిడకి ఇద్దరు సాయం పట్టాలి.

"నేల మీదే నేను బరువయ్యా. నీళ్ళలో కాదు," అంది.

ఫిల్టర్‌ని తిట్టుకుంటూ అవతలికి పోయాను.

ఆరోరోజు మధ్యాహ్నం చెల్లెలు కుర్చీ తోసుకుంటూ గట్టు దాకా వచ్చింది. టీచరమ్మ తన పాత ఈత దుస్తులు వేసుకుంది. అవి ఒంటికి వదులుగా వేలాడుతున్నాయి. భుజాన తువ్వాలు.

"ఇవాళ ఒంట్లో కాస్త బాగుందయ్యా. మెట్ల మీద కూచుంటాను, అంతే. మీరిద్దరూ చెరోపక్కా పట్టుకోండి."

"కుదరదండీ. బిళ్ళ మెరుస్తోందంతే, బొమ్మో బొరుసో తెలీట్లేదు."

"లోతుకి వెళ్ళనంటున్నాగా."

"నేను చెప్పేదాకా ఎవరూ దిగడానికి లేదు. రేపు పొద్దున్నకి అద్దంలా చేసిపెడతాను. ఒక్కరోజు ఓపిక పట్టలేరా?"

చెల్లెలు నన్ను కొట్టేటట్టు చూసింది. టీచరమ్మ మాత్రం నీళ్ళ వంక, తర్వాత నా వంక చూసి, "సరేలే, రేపే," అంది. కుర్చీ వెనక్కి తిరిగింది.

ఇక్కడ నిజం చెప్పాలి. మెట్ల దగ్గర నీళ్ళు మోకాలి లోతు. అడుగున పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. క్లోరిన్ ఘాటు కూడా తగ్గిపోయింది, పొద్దున్నే చూశాను. ఇద్దరం పట్టుకుంటే ఏ ప్రమాదమూ లేదు. గురువు పేరు అడ్డం పెట్టుకున్నాను గానీ, నాకు కావలసింది మెప్పు. బతుకంతా నీళ్ళలో గడిపిన మనిషి నా నీళ్ళు చూసి 'అబ్బ!' అనాలి. సగం పని చూపించి ఆ 'అబ్బ' పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. తగలెయ్య నా బుద్ధి!

ఏడోరోజు తెల్లారగానే వెళ్ళాను. లోతువైపు గట్టు మీద నిలబడి వంగి చూశాను. బొమ్మ. కళ్ళూ ముక్కూ సహా కనబడుతోంది.

"టీచరమ్మా! బొమ్మ! వచ్చి చూడండి!" అని వీధంతా వినబడేలా అరిచాను.

వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపు మీద తువ్వాలు ఆరేసి ఉంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, రాత్రి ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పింది.

నా పని అయిపోయింది, వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. రోజూ వచ్చి, పడిన ఆకు పడినట్టే తీశాను, ఫిల్టర్ కడిగాను. ఆవిడ వచ్చేసరికి నలక ఉండకూడదు. అడిగినవాళ్ళకి 'వచ్చేస్తారు, వచ్చేస్తారు' అని నేనే చెప్పాను.

ఆసుపత్రికి తీసుకెళ్ళిన నాలుగోరోజు మధ్యాహ్నం చెల్లెలు ఒక్కతే వచ్చింది. చేతిలో అక్క బట్టల సంచి. వరండా మెట్టు మీద కూలబడింది. టీచరమ్మ ఇక లేదని ఆ సంచే చెప్పింది. నేను ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు దింపి ఉండొచ్చు. భయమేం లేదు. నేనే కావాలని..."

"తెలుసన్నయ్యా," అంది. "అక్కకీ తెలుసు. లోపలికెళ్ళాక నేను మండిపడ్డాను. ఆ మనిషికేం రోగం, నేనే దింపుతాను పద అన్నాను. అక్క నవ్వింది. 'మెట్ల దగ్గర నీళ్ళు బానే ఉన్నాయే, నేను చూళ్ళేదా? పూర్తిగా చేసి చూపించాలని పాపం వాడి ముచ్చట. నా పిల్లలూ అంతే, బాగా వచ్చేదాకా చూడొద్దు టీచర్ అనేవాళ్ళు. ఒక్కరోజే కదా, ఇద్దాంలే' అంది."

నేను ఏడ్చాను. యాభై దాటిన మగాణ్ణి, గట్టు మీద చతికిలబడి నోరు తెరిచి ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు. ఆవిడ ఏడుపు ఆవిడకుంది.

తర్వాత, "ఆ బిళ్ళ తీసేసుకోండన్నయ్యా," అంది.

వల తీసుకుని కర్ర అడుగుదాకా దించాను. ఒక్క తోపు తోస్తే చాలు, వచ్చేస్తుంది. తోయలేకపోయాను. వల గట్టున పడేసి, పాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఆవిడ కూచుంటానన్న మెట్టు మీద కూచున్నాను.

చెల్లెలు వచ్చి వెనక నిలబడింది. "నీళ్ళెలా ఉన్నాయన్నయ్యా?" అంది.

"బాగున్నాయమ్మా," అన్నాను. "ఆరోరోజే బాగున్నాయి."