ఒక వేలు పొడుగు

దుకాణంవాడు వారం రోజులు వాడి చూడమని పంపిన రెండు తుపాకులూ తివాచీ మీద పక్కపక్కనే ఉన్నాయి. వాటి ముందు మస్తాన్ వలీ బాసిపట్టు వేసుకుని కూర్చుని గంట దాటింది. చొక్కా జేబులో భార్య హమీదున్నీసా ఉత్తరం ఉంది. తుపాకీ చేతికి తీసుకుంటే ఉత్తరం గుర్తొస్తుంది. ఉత్తరం మీద చెయ్యి పడితే బాబా గుర్తొస్తాడు.

బాబా అంటే అతనికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అతని కఫీలు, అబూ ఫవాజ్. సౌదీలోని అల్ ఖర్జ్ లో ఖర్జూరపు తోటలున్న పెద్దమనిషి. రాయచోటి నుంచి వచ్చిన మస్తాన్ వలీ పద్నాలుగేళ్ళుగా ఆయన దగ్గర డ్రైవరు. పేరుకు డ్రైవరే గాని, ఆ ఇంట్లో తుపాకుల సంగతంతా అతనిదే. తుడవడం, నూనె పెట్టడం, ఎవరి చేతికి ఏది సరిపోతుందో చూసి, భుజానికి ఆనే మడమ అమర్చడం. దానికి అతనికి టేపు అక్కర్లేదు. మనిషి మోచేతి మడత నుంచి చూపుడువేలి తొలి కణుపు దాకా తన జానతో, వేళ్ళతో కొలిచేవాడు. బాబా కొడుకు ఫవాజ్ చెయ్యి జానా ఏడు వేళ్ళు. ఆ కొలత ఏటా తీసీ తీసీ మస్తాన్ చేతికి కంఠతా వచ్చేసింది.

తండ్రికి గువ్వల వేట ఇష్టం. కొడుక్కి పిట్టను కొట్టడం ఇష్టం లేదు. తోట వెనక ఒక యంత్రం పెట్టించుకుని, అది గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని కొట్టేవాడు. బిళ్ళ పగిలి పొడి రాలినప్పుడల్లా మస్తాన్ వైపు తిరిగి నవ్వేవాడు.

కువైట్ యుద్ధం వచ్చిన చలికాలం సైన్యం నుంచి ఫవాజ్ కు పిలుపొచ్చింది. బాంబుల భయంతో ఇళ్ళల్లో కిటికీ అద్దాలకు అడ్డంగా టేపులు అంటించుకున్న రోజులవి. హఫర్ అల్ బాతిన్ దాకా మస్తానే కారులో దింపాడు. శిబిరం గేటు దగ్గర వెనక లారీలు ఒకటే హారన్లు. "తుపాకులు తుప్పు పట్టనీయకు" అని చెప్పి ఫవాజ్ దిగి వెళ్ళిపోయాడు. లారీలవాళ్ళు తిడతారని మస్తాన్ ఇంజను కూడా ఆపలేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఫవాజ్ చనిపోయాడని కబురొచ్చింది. ఒక్క నిమిషం ఇంజను ఆపి, దిగి, ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని ఉంటే ఏం పోయేది అని ఈ నాలుగున్నరేళ్ళలో మస్తాన్ అనుకోని రోజు లేదు.

కబురొచ్చిన రోజే బాబా తుపాకుల ఇనప బీరువాకు తాళం వేశాడు. మస్తాన్ పాస్‌పోర్టు కూడా అందులోనే ఉంది. కిందటేడు సెలవు మాట ఎత్తితే బాబా బీరువా వైపు చూసి, "తుపాకుల్ని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. తాళం తియ్యని తుపాకులకు చూసుకునేదేముంది? ఆ మాట అడగడానికి మస్తాన్ కు నోరు రాలేదు.

ఇప్పుడు ఉన్నట్టుండి బాబాకు మళ్ళీ తుపాకీ పట్టాలనిపించింది. గువ్వలు వలస వచ్చే నెల. "ఫవాజ్ యంత్రం కూడా తుప్పు పట్టిపోతోంది. వేటకూ, బిళ్ళలకూ పనికొచ్చే సెమీ ఆటోమేటిక్ ఒకటి చూడు. నువ్వు ఏది మంచిదంటే అదే కొంటాను" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కుడి భుజానికి ఆపరేషన్ అయ్యి ఏడాది కాలేదు.

రెండూ మంచి తుపాకులే. ఒకటి కాస్త బరువు. తూటా పేలినప్పుడు పుట్టే పొగ కొంత లోపలికి మళ్ళి, అదే తర్వాతి తూటాను ఎక్కిస్తుంది. అందుకని భుజానికి తాకిడి మెత్తగా ఉంటుంది. కానీ ఆ మసి లోపల పేరుకుంటుంది, దానికి ఈ ఎడారి దుమ్ము తోడైతే ఇరుక్కుపోతుంది. వాడిన ప్రతిసారీ విప్పి తుడవాల్సిందే. రెండోది తేలిక. అది వెనక్కి తన్నే తన్నుతోనే పనిచేస్తుంది, లోపల మసి చేరదు. నెల రోజులు ముట్టుకోకపోయినా పలుకుతుంది. కాకపోతే భుజం ఓర్చుకోవాలి.

సాయంత్రం పక్క డెయిరీలో పాలమిషన్లు చూసే ఓబులయ్య టీకి వచ్చాడు. అతనిదీ రాయచోటి వైపే.

"ఏందన్నా, ఇద్దరు కోడళ్ళ నడుమ అత్త మాదిరి కూచున్నావు?"

మస్తాన్ ఉత్తరం తీసిచ్చాడు. అక్షరాలు పక్కింటి గౌరవ్వవి, మాటలు హమీదున్నీసావి. షుగరు కళ్ళకు పాకిందట. తిరుపతి డాక్టరు ఇంకో రెండు మూడు నెలలు చూపు ఉంటే గొప్ప అన్నాడట. "ఉండేది కాస్త నీ మొగం చూసేదానికి దాపెట్టుకున్నా. అది పోకముందే బిన్నా రా" అని ఉంది.

ఓబులయ్య నవ్వు ఆగిపోయింది. ఉత్తరం మడిచి ఇచ్చి, తుపాకుల వైపు చూశాడు.

"తుడిచే పని లేని తుపాకీ ఏదన్నా?"

"ఆ తేలికది."

"ఇంగ యోచనేంది? అదే మంచిదని చెప్పు. తుపాకీకి మనిషి అక్కర్లేదంటే ముసలాయన నిన్నెట్ల పట్టి పెడతాడు? రేపే ఇంటికి పోయేదానికి ఎగ్జిట్ అడుగు."

"భుజం నొస్తాదిరా ఆయనకు."

"ఆయన భుజానికి డాక్టర్లుండారు. వదిన కండ్లకు ఎవురుండారు చెప్పు?"

మస్తాన్ ఉత్తరాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తెల్లవారి బాబా దగ్గరికి వెళ్ళి, తేలికది మంచిదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చెప్పుల వైపే చూశాడు.

"సరే. నా చేతికి అమర్చు" అన్నాడు బాబా.

మడమ చివర రబ్బరు దిమ్మ కింద పలచని పలకలు తీసి వేసి పొడుగు సరిచెయ్యాలి. బాబా చెయ్యి కొలవడానికి ఆయన ఎదుట నిలబడాలంటే మస్తాన్ కు ధైర్యం చాల్లేదు. తెలిసిన కొలతేగా అనుకుని, మనసు ఎక్కడో పెట్టుకుని, చేతికొచ్చినట్టు అమర్చేశాడు.

శుక్రవారం ఉదయం తోట వెనక యంత్రం మీది టార్పాలిన్ తీశారు. మస్తాన్ దాని మీట లాగాడు. బిళ్ళ పైకి లేచింది. బాబా తుపాకీ ఎత్తాడు. మడమ చంక కింద, ఆయన వేసుకున్న పొడుగాటి తోబు గుడ్డకు తట్టుకుని భుజం దాకా రాలేదు. ఎలాగో పేల్చాడు. బిళ్ళ చెక్కుచెదరకుండా వెళ్ళి ఇసకలో పడింది. బాబా పెదవి కొరుక్కున్నాడు. "ఇంకొకటి" అన్నాడు. మళ్ళీ మడమ తట్టుకుంది. మళ్ళీ తన్నింది. ఐదు బిళ్ళలు అలాగే పోయాయి. ఐదోసారి ఆయన కుడిచెయ్యి వేలాడిపోయింది. అయినా తుపాకీ బాగాలేదని ఒక్క మాట అనలేదు. మస్తాన్ ఎంచిన తుపాకీ కదా.

అప్పుడు మడమను మోచేతి మడతలో పెట్టుకుని చూశాడు బాబా. ఆయన వేలికీ, తుపాకీ ట్రిగ్గరుకూ మధ్య ఒక వేలు ఎడం ఉంది.

"మస్తాన్, ఇది ఎవరి కొలత?"

మస్తాన్ మడమ మీద జాన పెట్టి కొలిచాడు. బాబా చెయ్యి జానా ఆరు వేళ్ళు. తను అమర్చింది ఏడు.

"ఫవాజ్ ది" అన్నాడు బాబా తనే. ఆయన కోప్పడలేదు. ఆ ఎడాన్ని బొటనవేలితో నిమిరాడు. "వాడి కొలత నాకొక్కడికే గుర్తుందనుకున్నాను."

ఆ మాట విన్నాక మస్తాన్ ఇంక దాచలేకపోయాడు. "తప్పు అదొక్కటే కాదు బాబా. మీకు పనికొచ్చేది ఆ బరువుదే. దాన్ని రోజూ తుడవాలి. తుడిచేవాడు కావాలంటే నన్ను పోనివ్వరని ఇది చెప్పాను" అని, ఉత్తరం తీసి అరబ్బీలో చదివి చెప్పాడు. "మొగం చూసేదానికి దాపెట్టుకున్నా" అన్న మాట అరబ్బీలోకి ఎలా మార్చాలో తెలియక రెండుసార్లు ఆగాడు.

బాబా తుపాకీని టార్పాలిన్ మీద పెట్టాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆ బీరువా తెరవమని మిమ్మల్ని ఎలా అడగను బాబా?"

బాబా ఇంట్లోకి వెళ్ళి, నడుం పట్టీలోంచి తాళంచెవి తీసి, ఎడమచేత్తో బీరువా తెరిచాడు. లోపల ఫవాజ్ తుపాకీ గొట్టం ఎర్రగా తుప్పుపట్టి ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కవరులో మస్తాన్ పాస్‌పోర్టు. బాబా పేజీలు తిప్పాడు. తేదీ దగ్గర ఆగిపోయాడు. గడువు దాటి రెండు నెలలైంది.

"నీది తియ్యాలన్నా ఇదే తెరవాలి" అన్నాడు. "నేనూ తెరవలేకపోయాను."

రియాద్ లో ఎంబసీ చుట్టూ తిరిగి కొత్త పాస్‌పోర్టు తెచ్చుకునేసరికి రెండు నెలలు, ఆ తర్వాత ఎగ్జిట్ ముద్రకు ఇంకో నెల పట్టింది. ప్రతిచోటికీ బాబా తనే వచ్చి వరసలో నిలబడ్డాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో, చివరికి కొన్న బరువు తుపాకీని విప్పి తుడవడం మస్తాన్ దగ్గర నేర్చుకున్నాడు. "తుపాకీ తుడవడం కోసం ఒక మనిషిని ఆపను" అన్నాడు. లోపలి చిన్న ఇనప రింగు ఆయన వణికే వేళ్ళలోంచి జారి తివాచీలో పడిపోయేది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికేవారు. ఫవాజ్ తుపాకీ తుప్పు మటుకు మస్తానే గీకాడు. ఎంత గీకినా మచ్చలు పోలేదు.

బయలుదేరిన రోజు విమానాశ్రయం ముందు బాబా కారు ఇంజను ఆపాడు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా దిగి వచ్చి మస్తాన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. పోలీసు వచ్చి అరిచేదాకా వదల్లేదు.

రాయచోటిలో ఇంటి అరుగు మీద హమీదున్నీసా కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది గాని, చూపు అతన్ని దాటి గోడ మీద పడింది.

"వచ్చినావా? వెలుతురొక్కటి తెలస్తాది. నువ్వు వెలుతురుకు అడ్డమొచ్చినావు, అంతే" అంది.

మస్తాన్ ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె చేతులు చాచి అతని నుదురు, కళ్ళు, చెంపలు తడుముకుంటూ గడ్డం దగ్గరికి వచ్చి ఆగింది.

"గడ్డం తెల్లబడిందా ఏమయ్యా?"

"లేదులే. నువ్వు చూసినప్పుడు ఎట్లుండ్యానో అట్లనే ఉండా" అన్నాడు మస్తాన్, తెల్లటి గడ్డాన్ని ఆమె అరచేతిలో ఆనించి.