మూడు అలల గౌను

తన గౌను తనే కుట్టకూడదట! లాయరు నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. మూడుసార్లు చదివించుకుంటే రేబెకాకి అర్థమైంది ఆ ఒక్క ముక్కే. కింద మూడు వరసల అలల అంచు ఉన్న ఆడపిల్లల గౌను డిజైను జాబేజ్ గారి బట్టల కంపెనీ ఆస్తి అనీ, పదిహేను రోజుల్లో కుట్టడం ఆపకపోతే కోర్టుకి లాగుతామనీ అందులో ఉంది. కలకత్తా దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో ఆమె అద్దెకి తీసుకున్న గదిలో ఉన్నవే నాలుగు మిషన్లు. నాలుగింటి మీదా నడుస్తున్నది ఆ గౌనే.

అది ఎవరి బుర్రలో పుట్టిందో ఆ పక్క ఓడరేవు పేట గార్డెన్ రీచ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. ఎదిగే పిల్లకి ఏటా కొత్త గౌను కొనలేని ఓడరేవు కూలీల ఇళ్లు చూసి, రెండేళ్లపాటు అట్టలు కత్తిరించి, పారేసి, మళ్లీ కత్తిరించి రేబెకా పట్టుకున్న కిటుకు అది. ఒక్కో అల కింద ఒక్కో మడత దాగి ఉంటుంది. పిల్ల పొడుగైతే ఒక మడత విప్పితే చాలు, గౌనూ పొడుగవుతుంది. విప్పిన గుర్తు కనపడదు.

మరి జాబేజ్ చేతికి ఎలా చిక్కింది? అక్కడే వచ్చింది తంటా. వాళ్ల తెలుగు చర్చిలో ఏటా కోతల పండగ చేస్తారు. ఆంధ్రాలో అయితే గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి దేవుడికి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఓడరేవు పక్కన పొలాలెక్కడివి? ఇక్కడ చేతిపనే పంట. వెల్డింగు చేసేవాడు ఇనప పొయ్యి తెస్తాడు, వంట బాగా చేసే ఇల్లాలు ఊరగాయ జాడీ తెస్తుంది. నిరుడు రేబెకా తను కుట్టిన మొట్టమొదటి మూడు అలల గౌను తెచ్చింది. పోనీ గౌనుతో ఆగిందా అంటే లేదు, దాని ప్యాటర్న్ అట్టలు కూడా కట్టగట్టి బల్లమీద పెట్టింది. సగం దేవుడికిచ్చి సగం దాచుకుంటే బైబిల్లోని అననీయ సప్పీరాల పని అవుతుందని ఆమె భయం. ఇంత అమాయకత్వం ఎక్కడైనా ఉంటుందా అంటే, ఆ చర్చిలో ప్రతి బెంచీ మీదా ఉంది.

వేలంలో దాన్ని జాబేజ్ పాడుకున్నాడు. సంఘ పెద్ద, పైగా రెడీమేడ్ బట్టల కంపెనీ యజమాని. అందరూ చప్పట్లు కొట్టారు. రేబెకా కూడా కొట్టింది.

నోటీసు వచ్చిన ఆదివారం, ఆరాధన అవ్వగానే ఆమె చర్చి మెట్ల మీద అతన్ని నిలబెట్టేసింది.

"ఏటన్నా ఇది? నా గౌను నన్నే కుట్టొద్దంటావేటి?"

జాబేజ్ చల్లగా నవ్వాడు. "కోప్పడకమ్మా. దీన్ని మేధోసంపత్తి అంటారు. ఇయాళ కంపెనీకి మిషన్ల కన్నా, గొడౌన్ల కన్నా పెద్ద ఆస్తి ఇదే. ఆస్తన్నాక రిజిస్టరు సెయ్యాల, కాపలా కాయాల. నువ్వు సెయ్యలేదు, నేను సేసినాను."

"నువ్వు కొన్నది ఒక గౌను, నాలుగు అట్టముక్కలు. నా బుర్ర కాదు."

"పదిమంది ముందు పాడుకున్నాను. దేవుడికి ఇచ్చీసింది వెనక్కి అడుగుతావేటి? పాపం కదా!"

రేబెకాకి ఒళ్లు మండిపోయింది. దొరికిన దొంగ తల దించుకోవాలి గానీ, ఇతనేమిటి, ప్రసంగం చేస్తున్నాడు?

"దేవుడికే ఇచ్చినాను! నీకిచ్చినానని ఎవడు సెప్పినాడు?" అని అరిచింది.

మెట్ల మీది జనమంతా చెప్పులు వెతుక్కోవడంలో పడ్డారు. సగం ఇళ్లలో ఎవరో ఒకరు అతని కంపెనీలో పనిచేస్తున్నారు మరి.

మర్నాడు రేబెకా లాయరు నీరజ దగ్గరికి వెళ్లింది. బ్యాంకు ఆఫీసరైన తండ్రికి బదిలీ అయితే ఆయనతో కలకత్తా వచ్చి, ఇక్కడే ప్రాక్టీసు పెట్టుకున్న తెలుగు మనిషి. ఆమె కాగితాలన్నీ చదివింది.

"వస్తువు కొన్నంత మాత్రాన డిజైను మీద హక్కు రాదు, రేబెకా గారూ. పైగా రిజిస్టరు చేసేటప్పుడు ఇది తన కొత్త డిజైనని ఇతను రాసిచ్చాడు. అదీ వేలం అయిన రెండు నెలలకి. అప్పటికే నలుగురూ చూసేసిన డిజైను కొత్తది ఎలా అవుతుంది? ఆ రిజిస్ట్రేషను రద్దవుతుంది. చూశారనడానికి రుజువుందా?"

రేబెకా ఫోను తీసింది. చర్చి గ్రూపులో వేలం వీడియో ఉంది. పాస్టరు గారు గౌను ఎత్తి పట్టుకుని, ఒక్కో మడతా విప్పి చూపిస్తూ "ఇది మన రేబెకమ్మ సొంత తెలివి" అంటున్నారు. ముందు వరసలో జాబేజ్ తల ఊపుతున్నాడు.

"ఇది చాలు" అంది నీరజ. అని కాస్త తటపటాయించింది. "కానీ ఇదే వీడియో మీకూ అడ్డమండీ. ఇప్పుడది మీ పేరు మీదా రిజిస్టరు కాదు. అతనిది కొట్టేస్తే ఆ గౌను ఎవరి సొత్తూ కాదు, మెటియాబ్రుజ్‌లో ఎవరైనా కుట్టుకోవచ్చు. వేలానికి ముందే మీరు వచ్చి ఉండాల్సింది."

రెండేళ్ల కష్టం! రేబెకాకి కళ్లనీళ్లు తిరిగాయి. దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఆ సంగతి దాచుకోవడం దేనికి?

నీరజ నోటీసుకి జవాబు పంపిన మూడో రోజుకే అవతలి లాయరు రాజీకి దిగాడు. రద్దు కోసం అర్జీ పెట్టకపోతే, రేబెకా ఆ గౌను కుట్టుకోవడానికి జాబేజ్ గారు ఉచితంగా అనుమతి పత్రం ఇస్తారట. మిగతావాళ్లెవరూ దాని జోలికి రాకుండా ఆయనే చూసుకుంటారట.

"వ్యాపారంగా చూస్తే మీకు నష్టం లేదు" అంది నీరజ, ఉన్నమాట దాచకుండా. "పోటీ ఉండదు. అర్జీ పెడితే మాత్రం వారం తిరక్కుండా పక్కగదిలోనే మీ గౌను కుడతారు. ఆలోచించుకోండి."

"నేను కన్న గౌను కుట్టుకోడానికి ఆడు నాకు అనుమతిస్తాడా?" అంది రేబెకా. "అది ఒప్పుకుంటే, నేను కుట్టే ప్రతి గౌనూ ఆడి దయే అవుద్ది కదమ్మా. ఆ కాగితం ఇటివ్వండి."

అర్జీ మీద తెలుగులోనే సంతకం పెట్టింది. పెన్ను బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"ఊరంతా కుట్టుకోనీండి మేడమ్. నాకు రేపు ఇంకో గౌను తడతాది. ఆడికి తట్టదు."