కలరా ఉండల వాసన

మా అమ్మ బాలమ్మతో వాదన పెట్టుకోవడం కంటే ఖాజాగూడ బండకు తల కొట్టుకోవడం నయం. నేను మళ్లీ హౌస్‌కీపింగ్ పనిలో చేరాలి, ఐదు నెలల పిల్లవాణ్ని చూసుకోమని ఊరి నుంచి పుప్పాలగూడకు పిలిపించుకున్నాను. వస్తూ వస్తూ ట్రంకుపెట్టెలోని పాత చీరలన్నీ మూటగట్టుకొచ్చింది. పసిపిల్లలకు పాత నూలు చీరంత మెత్తనిది లేదట. కాదనను. వచ్చిన రోజు నుంచే వాణ్ని వాటిలో చుట్టి, వాటి మీదే పడుకోబెట్టింది.

రెండు రోజులు గడిచాయో లేదో, వాడు పాలు తాగడం మానేశాడు. కళ్లు పచ్చబడ్డాయి, పెదవులు పాలిపోయాయి. గుడ్డ తడిపితే మరక నల్ల చాయ్ రంగులో ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అమ్మకేమో ఫికరే లేదు. పసిరికలే, పచ్చకామెర్లకు ఊళ్లో పసరు పోయిస్తే దిగుతాయంది. దవాఖానలో సూదులు పొడిచి చంపుతారని గుమ్మానికి అడ్డం నిలబడింది. నా భర్త మహేందర్ క్యాబ్‌తో ఎయిర్‌పోర్టు దారిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే జర ఆగమన్నాడు. ఆగడానికి ఇదేమైనా బిర్యానీ ఆర్డరా? పిల్లవాణ్ని లాక్కుని ఆటో ఎక్కాను. అమ్మ తిట్టుకుంటూ వెనకే ఎక్కింది.

ఆఫీసులకు పోయే కార్లతో రోడ్డు నిండిపోయింది. ఆటో కదలదు. వాడు డొక్కలు ఎగరేస్తున్నాడు, ఏడుపు కూడా ఆగిపోయింది. ఒక్కసారి ఏడువు నాయనా అని బతిమాలాను. చివరికి దిగి, వాణ్ని గుండెకు హత్తుకుని గచ్చిబౌలి సందుల్లో పడి దవాఖాన దాకా పరుగెత్తాను, వెనకే అమ్మ.

పిల్లల డాక్టరు కిరణ్మయి వాడి కంటిరెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత వాడికి చుట్టిన చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బట్టల్లో కలరా ఉండలు వేశారాండీ?"

"ఎయ్యకుంటె పురుగులు కొడ్తయి గద," అంది మా అమ్మ.

డాక్టరు చీర అప్పటికప్పుడు విప్పించి బయట పడేయించింది. రక్తం ఎక్కించాలంది. కొందరి రక్తకణాలకు పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుందట, జీ-సిక్స్-పీడీ లోపం అంటారట. మామూలప్పుడు ఏమీ తెలియదు. ఈ ఉండల ఘాటో, పడని మందో తగిలిందంటే కణాలు పగిలిపోతాయి. తల్లి నుంచి వస్తుంది, ఎక్కువగా మగపిల్లలనే పట్టుకుంటుంది. వీడిదీ అదేనని అనుమానం, పరీక్షలో తేలాలి. తగలకూడనివి తగలకుండా కాచుకుంటే అందరిలాగే పెరుగుతాడంది. మా అన్నదమ్ములకెవరికైనా చిన్నప్పుడిలా అయిందా అని నన్ను అడిగింది. నేనొక్కదాన్నే అన్నాను.

అమ్మ గోడకు ఆనుకుంది.

"నీకంటె ముందొకడున్నడు మమతా."

నాకెన్నడూ చెప్పని సంగతి. ఇరవై ఒకటో దినం నాడు పెట్టెలోంచి తన పెళ్లి పంచె తీసి మా నాయనే ఇచ్చాడట, అమ్మే వాడికి చుట్టిందట. ఒళ్లు పచ్చబడి చనిపోయాడట. దిష్టి తగిలిందన్నారట ఊరంతా.

"ఆడు గూడ గా ఉండలతోనే పోయిండా?" అని డాక్టరును అడిగింది.

డాక్టరు నా వంక చూసింది. "అప్పటి సంగతి ఇప్పుడెవరూ చెప్పలేరండి," అంది మెల్లగా.

మా అమ్మకు చదువు రాదు గాని, మాట దాటేస్తే తెలుస్తుంది.

మర్నాటికి వాడి పెదవులకు రంగు వచ్చింది. ఆకలికి గుక్కపట్టి ఏడ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాలిచ్చాక ఎత్తుకోమని అమ్మకు అందిస్తే, చేతులు కొంగులో దాచుకుంది. నాకు కోపం ఆగలేదు.

"నాకు డాక్టరమ్మ చెప్పింది. నీకెవరు చెప్పలే. గంతే ఫరక్. పట్టుకో."

"చేతులు కడుక్కొస్త," అని లేచి వెళ్లింది.

ఎంతకూ రాకపోతే వాణ్ని భుజాన వేసుకుని వెళ్లి చూశాను. నల్లా కింద మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే ఉంది. చర్మం ఎర్రగా కందిపోయింది. నల్లా కట్టేసి, ఆ తడి చేతుల్లోనే పిల్లవాణ్ని పెట్టాను.