బదులు మనిషి

కొబ్బరిచిప్పలోని బూడిదను బొటనవేలితో తీసి, రెండు అరచేతులకూ రుద్దుకుని, లీలమ్మ టీచరు కత్తెర ముందున్న పీట మీద కూర్చుంది. జీడిపిక్కను కత్తుల మధ్య పెట్టి, కాలితో మీట తొక్కి, పెంకు విడదీసి, పప్పు విరగకుండా సూదితో తీసింది. బూడిద ఎంత రాసినా, సందు దొరికిన చోటల్లా పెంకులోని సొన చర్మాన్ని కాలుస్తూనే ఉంది. రిటైరయ్యేదాకా చాక్‌పీసు పట్టిన వేళ్లు నల్లబడిపోయాయి.

ఆ పీట బంగారమ్మది. కిడ్నీలు పాడై ఆమె మంచం పట్టాక కూతురు తనూజ వచ్చి కూర్చుంటోంది. రాని రోజు బదులు మనిషిని పంపాలి, లేకపోతే పీట వేరొకరి పాలవుతుంది. పలాసలో ఆ జీడి బట్టీ కట్టుబాటు అది. పదో తరగతి పరీక్షలు మొదలైన రోజున కూడా తనూజ బట్టీకే బయలుదేరితే, టీచరు దారికి అడ్డంగా నిలబడింది.

“నువ్వు పరీచ్చకెల్లు. నీ పీట మీద నాను కూకుంటాను.”

“మీరా టీచర్? సేతులు కాలిపోతాయి!”

“మా అమ్మ ఈ పిక్కలు కొట్టే నన్ను సదివించింది. కాలనీ.”

ఆ రోజు నుంచి పీట మీద టీచరే. ఇక మిగిలింది రేపటి పరీక్ష ఒక్కటే. మేస్త్రీ త్రినాథరావు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఒకప్పుడు మిషను బడిలో ఆమె దగ్గరే చదివినవాడు.

“టీచరమ్మా, రేపు మీరు రావద్దు. బదులంటే వొయిసులో ఉన్న మనిసి గావాల. ఓనరు కోప్పడతన్నాడు.”

“ఒరే త్రినాథా, మూతి మీద మీసమొచ్చింది గానీ నీకు ఏడో ఎక్కం వచ్చిందేట్రా?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. “సెప్పు బావా, ఏడెనిమిదులెంత?” అంది పక్కపీట కాసులమ్మ. త్రినాథరావు మీసం గోక్కున్నాడు.

“రేపూ వత్తాను. ఆపగలిగితే ఆపు,” అంది టీచరు.

మధ్యాహ్నం పాస్టరు రూబెన్ గారు వచ్చారు. “సంఘంలో నలుగురూ అడుగుతన్నారమ్మా, టీచరై ఉండి బట్టీలో ఈ పనేటని.”

“ప్రభువు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగితే ఆయన పరువు పోనేదు గదా పాస్టరు గారూ. నా పరువు పిక్కల్లో పోద్దా?”

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఆమె సంగతి ఆయనకు తెలియనిది కాదు. భావనపాడు దగ్గర సముద్రంలో భర్త పోయిన వారంలోనే వెళ్లి బడి గంట కొట్టిన మనిషి. ఊరు తప్పుపట్టింది, ఆమె పాఠం చెప్పుకుంటూ పోయింది. తుపానుకు బడి రేకులెగిరిపోతే జీడితోటలో టార్పాలిన్ కట్టి చెప్పింది. పిల్లల్ని పనికి తోలిన ఇళ్ల ముందు కూర్చుని, పంపితేగానీ లేవనని మొండికేసింది.

పొద్దు వాలేదాకా ఎడమ భుజం లాగుతూనే ఉన్నా, ఆమె కాలు ఆపలేదు.

సాయంత్రం తనూజ వచ్చింది. పరీక్ష బాగా రాశానంది. సొన అంటుతుందని టీచరు ఆ పిల్ల తల మీద చెయ్యి ఆనించకుండా, కాస్త పైనే ఉంచి ప్రార్థన చేసింది.

“రేపు సోషలు. బేగి పడుకో.”

తెల్లవారింది. టీచరు లేవలేదు.

తనూజ వాచిన కళ్లతో బట్టీకి వచ్చి పీట దగ్గర నిలబడింది.

“ఇక్కడికెందుకొచ్చావే?” అంది కాసులమ్మ.

“పీట పోద్ది పిన్నీ.”

కాసులమ్మ లేచి, తనూజ గంపలోని పిక్కలు రెండు దోసిళ్లు తన గంపలో పోసుకుంది. వెనక పీటావిడ లేచింది. ఆమె వెనకావిడ లేచింది. చూస్తుండగా గంప ఖాళీ అయిపోయింది.

“నీ వొంతు పిక్కలు మేం కొడతాం. సాయంత్రం దాకా టీచర్ని సమాధికి తీసుకెల్లరు. ముందు పరీచ్చ రాసిరా. ఎల్లు!” అంది కాసులమ్మ.

తనూజ కళ్లు తుడుచుకుని రోడ్డెక్కింది.

త్రినాథరావు వచ్చాడు. “ఈ పీట ఖాళీగా ఉందేటి?”

“ఖాళీ ఏటి బావా? టీచరు కూకుంది. లేపగలిగితే లేపు,” అంది కాసులమ్మ.

కత్తెరలన్నీ ఆగిపోయాయి. త్రినాథరావు తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. కత్తెరలు మళ్లీ కదిలాయి.

పీట పక్కన కొబ్బరిచిప్ప ఉంది. అందులోని బూడిద మీద బొటనవేలి అచ్చు ఇంకా చెదరలేదు.